బెర్బీస్ పనితనం

1958 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో వెస్టిండీస్ 5 వికెట్లకు 614 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. అందులో రోహన్ కన్హాయ్‌వి 256, బేసిల్ బుచర్‌వి 103, ఔట్ కాకుండా మిగిలిన జో సోలమన్‌వి 69. ముగ్గురివీ కలిపితే 428. ఈ ముగ్గురిదీ ఒకే ఊరు. పేరు పోర్ట్ మౌరంట్. దక్షిణ అమెరికా ఉత్తర తీరాన, అప్పటికింకా బ్రిటిష్ గయానాగా ఉన్న వలసరాజ్యంలో, బెర్బీస్ అనే ప్రాంతంలో అదొక చెరకు ఎస్టేటు.

ఇలాంటి మాట వినగానే ఆ మట్టిలోనే ఏదో మహిమ ఉందనేస్తాం. మట్టిలో పండింది చెరకే. ఆటగాళ్లు మాత్రం మనుషుల చేతుల మీద తయారయ్యారు. ఆ చేతులు ఎవరివి, చేసిన పని ఏమిటి, అది ఎంతకాలం నిలిచింది, ఎక్కడ సడలింది? కరీబియన్ క్రికెట్ వ్యవస్థలు కుర్రాళ్ల సత్తాను చివరిదాకా పైకి తెస్తున్నాయా అన్న పాత ప్రశ్నకు ఇవన్నీ తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. వెస్టిండీస్ ఘోరంగా ఓడినప్పుడల్లా ఆ ప్రశ్న లేస్తుంది. 2025 జూలైలో కింగ్‌స్టన్‌లో ఆస్ట్రేలియా మీద 27 పరుగులకే ఆలౌటైన రోజున మళ్లీ లేచింది. టెస్టు చరిత్రలో అంతకన్నా తక్కువ స్కోరు ఒక్కటే ఉంది, 1955లో న్యూజీలాండ్ చేసిన 26. ఆ రోజు నుంచి అందరూ జబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ ఒళ్లు ఎలా పనిచేసేదో చూడటం కూడా అవసరమే. అందుకు బెర్బీస్‌ని మించిన చోటు లేదు.

తూములు, కాలువలు, చెరకు

గయానాలో మూడు పెద్ద ప్రాంతాలున్నాయి: ఎసెక్విబో, డెమెరారా, బెర్బీస్. తూర్పున ఉన్నది బెర్బీస్. అక్కడి పట్నం న్యూ ఆమ్‌స్టర్‌డామ్. అక్కడి నుంచి కోరంటైన్ తీరం వెంట తూర్పుకు వెళ్తే ఆల్బియన్, రోజ్‌హాల్, పోర్ట్ మౌరంట్, స్కెల్డన్ లాంటి చెరకు ఊళ్లు వస్తాయి. తీరమంతా సముద్రం పోటెత్తే మట్టం కన్నా దిగువన ఉంటుంది. డచ్చివాళ్ల కాలం నుంచీ గట్లు కట్టి, కాలువలు తవ్వి, తూములు పెట్టి నీటిని బయటికి పంపితేనే అక్కడ నేల నేలగా నిలుస్తుంది. ఏడాదికి రెండు వానకాలాలు. కాబట్టి ఆ ఊళ్లలో క్రికెట్ మైదానం కావాలంటే గడ్డి వేయడం, రోలర్ తిప్పడం తరవాతి మాట. ముందు నీరు పోయే దారి చూడాలి. ఆ పని ఒక్క మనిషి వల్ల కాదు. కాలువలు, పంపులు, కూలీలు అందుబాటులో ఉన్న ఎస్టేటు యాజమాన్యం పూనుకుంటేనే అవుతుంది.

అక్కడి జనంలో పెద్ద భాగం భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి కూడా కొన్ని ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతోపాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడివాళ్లు వీళ్లందరినీ కలిపి మద్రాసీలు అనేవారు. భాష పోయింది గానీ పేర్లలో ఆనవాళ్లు మిగిలాయి. వెస్టిండీస్ తరఫున టెస్టులాడిన ఎడమచేతి స్పిన్నర్ వీరాసామి పెర్మాల్, లెగ్ స్పిన్నర్ మహేంద్ర నాగమూతూ ఇద్దరూ గయానావాళ్లే.

పోర్ట్ మౌరంట్‌లో క్రికెట్ 1950లలో కొత్తగా మొలకెత్తింది కాదు. ఆ ఊరి నుంచి మొదట టెస్టు ఆడినవాడు జాన్ ట్రిమ్ అనే ఫాస్ట్ బౌలర్. 1948 నుంచి 1952 దాకా 4 టెస్టులాడి 18 వికెట్లు తీశాడు. సగటు 16.16. అలాంటి సగటున్న బౌలర్‌కి 4 టెస్టులతో సరి. సత్తా ఉండటం ఒకటి, ఆ సత్తాకు దారి ఉండటం మరొకటి. ట్రిమ్ ఆడే రోజుల్లో బెర్బీస్ ఆటగాడు జార్జ్‌టౌన్‌లో జరిగే ఎంపిక పోటీలకు పోవాలంటే పడవలో బెర్బీస్ నది దాటి రోసిగ్నోల్ చేరి, అక్కడ రైలెక్కాలి. జట్టును ఎంచే పెద్దమనుషులంతా జార్జ్‌టౌన్ క్లబ్బులవాళ్లే. ఎస్టేటు కుర్రాడు కష్టపడి అక్కడిదాకా వెళ్లినా అతన్ని ఎరిగినవాడు ఆ గదిలో ఉండేవాడు కాదు.

ఉద్యోగానికి వచ్చిన మహాబ్యాట్స్‌మన్

1954లో క్లైడ్ వాల్కాట్ బ్రిటిష్ గయానాకు వచ్చాడు. బార్బడోస్ మనిషి. ఫ్రాంక్ వారెల్, ఎవర్టన్ వీక్స్‌తో కలిపి ప్రపంచం 'త్రీ డబ్ల్యూస్' అని పిలిచిన త్రయంలో ఒకడు. చక్కెర ఉత్పత్తిదారుల సంఘం అతనికి ఉద్యోగం ఇచ్చింది. ఎస్టేట్లలో క్రికెట్‌ను ఒక పద్ధతిలో నిలబెట్టడం అతని పని. ఇది ఆటలో పని అయిపోయిన మనిషికి దొరికిన కొలువు కాదు. వచ్చిన మరుసటి ఏడాదే, 1955లో, ఆస్ట్రేలియా మీద ఒకే సిరీస్‌లో 5 సెంచరీలతో 827 పరుగులు చేశాడు. అందులో రెండు టెస్టుల్లో రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలే. అంటే ఆ రోజుల్లో భూమ్మీద అంతకన్నా బాగా బ్యాటింగ్ చేసేవాడు మరొకడు ఉన్నాడా అంటే అనుమానమే. అలాంటివాడు చెరకు తోటల మధ్య ఊరూరా తిరిగి కుర్రాళ్ల ఆట చూశాడు.

యజమానుల దాతృత్వంగా దీన్ని చదువుకుంటే అమాయకత్వమే అవుతుంది. 1948 జూన్ 16న ఎన్మోర్ ఎస్టేటులో సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. పోర్ట్ మౌరంట్‌లోనే పుట్టిన చెడ్డీ జగన్ 1953 ఎన్నికల్లో గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే, 133 రోజులకే బ్రిటన్ దాన్ని రద్దు చేసి సైన్యాన్ని దించింది. ఎస్టేట్లు కుతకుతలాడుతున్నాయి. కూలీల్లో కాస్త మంచిపేరు తెచ్చుకోవాల్సిన అవసరం చక్కెర కంపెనీలకు ఉంది. వాల్కాట్‌ని పిలిపించింది ఆ అవసరమే. అయితే పిలిచినవాళ్ల ఉద్దేశం ఏదైనా, వచ్చినవాడు చేసిన పని మాత్రం నిక్కమైనది.

ఏం చేశాడు? మైదానాలు బాగుచేయించాడు, సామగ్రి తెప్పించాడు, శిక్షణ ఇచ్చాడు, ఎస్టేటుకీ ఎస్టేటుకీ మధ్య పోటీలను గట్టిపరిచాడు. చదవడానికి ఇది ఏ సంఘం వార్షిక నివేదికలోనైనా కనిపించే వరసే. అసలు పనితనం ఈ ముక్కలను ఒకదానితో ఒకటి కలిపిన తీరులో ఉంది. ఎస్టేటు పోటీలో కుర్రాడు తన ఈడువాళ్లతో ఆడడు. పగలంతా చెరకు నరికి కండలు తేలిన పెద్దవాళ్లకు బౌలింగ్ చేయాలి, వాళ్ల బంతులు ఎదుర్కోవాలి. పక్క ఎస్టేటు మీద ఆట అంటే ఊరి పరువు. అక్కడ పదిహేడేళ్లవాడు 40 పరుగులు చేశాడంటే ఆ 40కి విలువ ఉంది. ఆ విలువ తెలిసినవాడు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. అతను మామూలు ప్రేక్షకుడు కాదు, బ్రిటిష్ గయానా జట్టుకు కెప్టెన్ అయినవాడు. పోర్ట్ మౌరంట్ మైదానంలో కనబడిన ఆట జార్జ్‌టౌన్ ఎంపిక గదిలో వినబడటానికి మధ్యలో ఇంకో మనిషి అక్కర్లేకుండా పోయింది. జాన్ ట్రిమ్ కాలంలో తెగి ఉన్న దారి ఇక్కడ కలిసింది.

వడ్రంగి పనిలో గట్టితనం చెక్కను బట్టి కన్నా అతుకును బట్టి తెలుస్తుంది. బెర్బీస్‌లో వాల్కాట్ చేసింది అతుకు పని.

ఫలితం ఎంత వేగంగా వచ్చిందో చెప్పడానికి సోలమన్ ఒక్కడు చాలు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆడిన మొదటి మూడు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు కొట్టాడు. జమైకా మీద ఒకటి, బార్బడోస్ మీద ఒకటి, పర్యటనకు వచ్చిన పాకిస్తాన్ జట్టు మీద ఒకటి. మొదటి సెంచరీ నాటికి అతనికి ఇరవై ఆరేళ్లు. పెద్ద ఆట కొత్తే అయినా అతని ఆట కొత్తది కాదు. ఎస్టేటు పిచ్‌ల మీద ఏళ్లకేళ్లు పదునెక్కిన ఆట అది. తలుపు తీయగానే లోపలికి నడిచాడు.

చెరిపేయని శిక్షణ

నేర్పే వ్యవస్థలకు ఒక దురలవాటు ఉంటుంది. అందరినీ ఒకే అచ్చులో పోస్తాయి. బెర్బీస్ ఆటగాళ్లను పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఆ దోషం కనిపించదు. కన్హాయ్ లెగ్ సైడుకు బలంగా కొట్టినప్పుడు ఆ విసురుకు ఒళ్లంతా తిరిగి, కాళ్లు గాల్లోకి లేచి, వెల్లకిలా నేల మీద పడేవాడు. అతను పడేసరికి బంతి బౌండరీ దాటేది. కోచింగ్ పుస్తకం చదివినవాడెవడూ కుర్రాడి చేత ఆ షాట్ ఆడనివ్వడు. ఎవరూ మాన్పించకపోవడం వల్లే అది ప్రపంచమంతా కథలుగా చెప్పుకునే షాట్ అయింది. సునీల్ గావస్కర్ తన కొడుకుకు రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. అందులో రోహన్ ఈ పోర్ట్ మౌరంట్ కన్హాయ్. జై అంటే మన హైదరాబాదీ ఎం.ఎల్. జయసింహ, విశ్వ అంటే గుండప్ప విశ్వనాథ్. గావస్కర్‌కి అంతగా నచ్చినవాళ్ల వరసలో కన్హాయ్ మొదట ఉన్నాడు.

సోలమన్ దీనికి పూర్తి విరుద్ధం. హడావుడి లేదు, మెరుపులు లేవు, తన పనేదో తను చేసుకుపోయే మనిషి. అతని పేరు చరిత్రలో నిలబెట్టింది బ్యాటు కూడా కాదు. 1960 డిసెంబరు 14, బ్రిస్బేన్. ఆస్ట్రేలియా గెలుపు ముంగిట ఉంది. ఒంటి చేత్తో ఆటను లాక్కొస్తున్న అలన్ డేవిడ్‌సన్ పరుగుకు బయల్దేరాడు. సోలమన్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకింది, డేవిడ్‌సన్ రనౌట్. ఆటంతా వెస్ హాల్ వేసిన చివరి ఓవర్‌కి వచ్చింది. అప్పట్లో ఆస్ట్రేలియాలో ఓవర్‌కి 8 బంతులు. ఏడో బంతి వేసేసరికి స్కోర్లు సమం, ఆస్ట్రేలియా చేతిలో ఒకే వికెట్. లిండ్సే క్లైన్ బంతిని స్క్వేర్ లెగ్ వైపు నెట్టి పరుగందుకున్నాడు. అవతలి నుంచి ఇయాన్ మెకిఫ్ దూసుకొస్తున్నాడు.

సోలమన్ నిలబడిన చోటు నుంచి చూస్తే మూడు స్టంపులూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్క స్టంపే కనిపిస్తోంది. బంతిని అందుకోవడం, విసరడం రెండూ ఒకే కదలికలో జరిగిపోయాయి. ఆగి గురి చూసుకునే వ్యవధి లేదు. వికెట్ల దగ్గరున్నవాడికి అందించి అతనే పడగొడతాడని చూసే సమయమూ లేదు. బంతి ఆ ఒక్క స్టంపును కొట్టింది. రెండు జట్లూ చెరి 737 పరుగులు చేశాయి. టెస్టు చరిత్రలో మొట్టమొదటి టై అది. ఒకే మనిషి ఒకే సాయంత్రం రెండు నేరు త్రోలతో ఒక టెస్టు రాతనే మార్చేశాడు. ఒత్తిడిలో చెయ్యి వణకకపోవడాన్ని పుట్టుకతో వచ్చే వరం అంటుంటారు. పరువు పోయే ఆటలు చిన్నప్పటి నుంచీ వందలు ఆడినవాడికి అది అలవాటుగా వస్తుంది.

ఈ దారిన వచ్చినవాళ్లు ముగ్గురితో ఆగలేదు. నదికి పడమటి ఒడ్డున ఉన్న బ్లెయిర్‌మాంట్ ఎస్టేటు నుంచి రాయ్ ఫ్రెడరిక్స్ వచ్చాడు. పోర్ట్ మౌరంట్ నుంచే ఆల్విన్ కాళీచరణ్ వచ్చాడు. 1972లో తన తొలి టెస్టులోనే జార్జ్‌టౌన్ బూర్డా మైదానంలో న్యూజీలాండ్ మీద సెంచరీ కొట్టాడు. 1975 జూన్ 21న లార్డ్స్‌లో మొట్టమొదటి ప్రపంచకప్ ఫైనల్‌లో వెస్టిండీస్ మొదటి ఐదుగురు బ్యాట్స్‌మన్‌లను చూడండి: ఫ్రెడరిక్స్, గ్రీనిడ్జ్, కాళీచరణ్, కన్హాయ్, లాయిడ్. గ్రీనిడ్జ్‌ని తీసేస్తే నలుగురూ గయానావాళ్లు. వాళ్లలో ముగ్గురు బెర్బీస్‌వాళ్లు. కన్హాయ్‌కి అప్పటికి 39 ఏళ్లు, జుట్టు నెరిసింది. 55 పరుగులు చేసి, సెంచరీ కొట్టిన లాయిడ్‌కి తోడు నిలిచాడు. కప్పు వెస్టిండీస్‌ది. అప్పటికి ఐదేళ్ల ముందే, 1970లో, వాల్కాట్ గయానా వదిలి వెళ్లాడు. మొత్తం 16 ఏళ్లు ఒకేచోట, ఒకే పని. తరవాత అంతర్జాతీయ క్రికెట్ మండలికి ఛైర్మన్ అయిన మొదటి నల్లజాతీయుడూ అతనే. అయినా అతని పెద్ద పని ఏదంటే నేను బెర్బీస్ వైపే చూపిస్తాను.

బార్బడోస్‌ది ఇంకో తీరు

బెర్బీస్ ఒక్కటే ఇలా ఉందనుకుంటే పొరపాటు. బార్బడోస్‌లో ఇదే సూత్రం బడుల్లో నడిచింది. కాంబర్‌మియర్, హారిసన్ కాలేజీ, లాడ్జ్ బడుల జట్లు ద్వీపంలోని ఫస్ట్ డివిజన్ పోటీల్లో పెద్దవాళ్ల క్లబ్బులతో సమానంగా ఆడేవి. వారెల్, వాల్కాట్ బడి నిక్కర్లలోనే ఎదిగిన మగవాళ్ల బౌలింగ్ ఎదుర్కొన్నారు. వాల్కాట్ తను పెరిగిన పద్ధతినే చెరకు తోటల్లోకి తీసుకొచ్చాడని అనుకోవచ్చు. ఆ బడుల్లో చదివే స్తోమత లేనివాళ్లు, రంగు కారణంగా క్లబ్బులు గుమ్మం తొక్కనివ్వనివాళ్లు మాత్రం బయటే ఉండిపోయేవారు. ఎవర్టన్ వీక్స్ ఇంటి పక్కనే కెన్సింగ్టన్ ఓవల్ ఉన్నా అక్కడి పిక్‌విక్ క్లబ్‌లో తెల్లవాళ్లకే చోటు. ఇలాంటివాళ్ల కోసం 1936లో బార్బడోస్ క్రికెట్ లీగ్ పుట్టింది. వీక్స్ ఆ లీగ్‌లో ఆడి, తరవాత సైన్యంలో చేరి, సైనికుల క్లబ్ ద్వారా పై పోటీల్లోకి వచ్చాడు. గార్ఫీల్డ్ సోబర్స్ పోలీసు జట్టుకు ఆడటం కోసం పోలీస్ బ్యాండ్‌లో బ్యూగిల్ ఊదాడు. 17 ఏళ్లకే టెస్టులాడాడు. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తెరిచే నేర్పు ఆ చిన్న ద్వీపానికి ఉండేది.

సడలిన చోటు

1976లో గయానా చక్కెర పరిశ్రమ జాతీయమైంది. ఎస్టేటు మైదానాలు వెంటనే పాడైపోలేదు. 1983 మార్చి 29న ఆల్బియన్ ఎస్టేటు మైదానంలోనే భారత్ వన్డేలో వెస్టిండీస్‌ని ఓడించింది. గావస్కర్ 90, కపిల్ దేవ్ 72. మూడు నెలల తరవాత లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్‌లో జరగబోయే అద్భుతానికి ముందస్తు కబురు ఆ చెరకు ఊరి నుంచే వచ్చింది. ఆ తరవాత కాలం మారింది. జనం న్యూయార్క్‌కీ టొరంటోకీ వలసపోయారు. చక్కెరకు ధర పడిపోయింది. 2016, 2017లలో గయానాలో నాలుగు ఎస్టేట్లు మూతపడ్డాయి. వాటిలో రోజ్‌హాల్, స్కెల్డన్ రెండూ బెర్బీస్‌వే. క్రికెట్ పాలకమండళ్ల తగాదాలు కోర్టుల దాకా వెళ్లాయి.

వెస్టిండీస్ బోర్డు చేతులు కట్టుకుని కూర్చుందని అనలేం. 2001లో గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ విశ్వవిద్యాలయంలో ఒక అకాడమీ పెట్టింది. కొన్నేళ్లకు అది మూతపడింది. 2010లో బార్బడోస్‌లో హై పర్ఫార్మెన్స్ సెంటర్ పెట్టింది. అదీ నిలవలేదు. 2022లో యాంటిగ్వాలోని కూలిడ్జ్ మైదానంలో మళ్లీ అకాడమీ తెరిచింది. 2014 నుంచి ఆరు ప్రాంతాల జట్లకూ కలిపి 90 మంది ఆటగాళ్లకు ఏడాది పొడుగునా జీతాలిచ్చే పద్ధతి తెచ్చింది. 2024లో ఫస్ట్ క్లాస్ పోటీలో అకాడమీ జట్టుకూ, విశ్వవిద్యాలయాల జట్టుకూ చోటిచ్చింది. ఇవన్నీ మంచి పనులే. జీతాల పద్ధతి వచ్చాక గయానా వరసగా ఐదుసార్లు ప్రాంతీయ ఛాంపియన్ అయింది. కానీ ఈ పనుల్లో లోటు ఎక్కడుందో వాల్కాట్ 16 ఏళ్ల పక్కన పెడితే తెలుస్తుంది. ఇరవై ఏళ్లలో మూడు ద్వీపాల్లో మూడుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టారు. అకాడమీ వెళ్లిపోయిన ప్రతిసారీ కుర్రాళ్లను ఎరిగిన మనిషి కూడా వెళ్లిపోతాడు. డబ్బు లేకపోవడం ఇందులో పెద్ద కారణమే. అంతర్జాతీయ ఆదాయంలో వెస్టిండీస్ వాటా చాలా చిన్నది. ఆ కొద్దిపాటి డబ్బులోనే దేశాలు దేశాలుగా ఉన్న ద్వీపాల మధ్య విమానాల్లో జట్లను తిప్పాలి.

అతుకు ఎక్కడ విడుతోందో 2016 చూపించింది. ఆ ఫిబ్రవరి 14న మీర్పూర్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. భారత జట్టులో ఇషాన్ కిషన్, రిషభ్ పంత్, సర్ఫరాజ్ ఖాన్, వాషింగ్టన్ సుందర్ ఉన్నారు. ఆట మొదలైన కాసేపటికే ఒక బంతిని వదిలేసిన పంత్ క్రీజు బయటే ఉండిపోయాడు. ఫాస్ట్ బౌలర్ అల్జారీ జోసెఫ్‌కి వెనక్కి నిలబడి కీపింగ్ చేస్తున్న టెవిన్ ఇమ్లాక్ అది గమనించి బంతిని వికెట్ల మీదికి విసిరాడు. స్టంపౌట్. ఆ ఒక్క చూపు చాలు, వాళ్లు ఆటను ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో చెప్పడానికి. భారత్ 145కి ఆలౌట్. వెస్టిండీస్ 5 వికెట్ల తేడాతో గెలిచింది. కెప్టెన్ షిమ్రన్ హెట్‌మయర్ బెర్బీస్ కుర్రాడు.

అంటే 19 ఏళ్ల వయసు దాకా కరీబియన్ పద్ధతి ప్రపంచంలో ఎవరికీ తీసిపోదు. మరి తరవాత? 2019 ఏప్రిల్‌లో అల్జారీ జోసెఫ్ ఐపీఎల్‌లో తన తొలి మ్యాచ్ మన ఉప్పల్ మైదానంలో ఆడాడు. మొదటి బంతికే డేవిడ్ వార్నర్ వికెట్లు గిరాటేసి, 12 పరుగులకే 6 వికెట్లు తీసి సన్‌రైజర్స్‌ని 96కి కూల్చాడు. అది ఐపీఎల్ రికార్డు. హెట్‌మయర్ 16 టెస్టులాడాడు, చివరిది 2019లో. ఆ తరవాత టీ20 లీగుల్లోనే ఎక్కువగా కనిపించాడు. ఆ ఫైనల్‌లో అజేయంగా 52 పరుగులు చేసి మ్యాచ్ గెలిపించిన కీసీ కార్టీ వెస్టిండీస్ వన్డే జట్టులోకి రావడానికి ఆరేళ్లు పట్టింది. మరికొందరి పేర్లు అభిమానులకు కూడా గుర్తులేవు. బార్బడోస్‌లో పుట్టిన జోఫ్రా ఆర్చర్ 2013లో వెస్టిండీస్ అండర్-19 జట్టుకు ఆడాడు. తరవాత ఇంగ్లండ్ వెళ్లిపోయి, 2019లో వాళ్ల తరఫున ప్రపంచకప్ ఫైనల్‌లో సూపర్ ఓవర్ వేశాడు. పందొమ్మిదికీ ఇరవై మూడుకీ మధ్య దారి ఇరుకైపోయింది. ఆ నాలుగేళ్లు చేయి పట్టుకునేవాడు దొరికితే పైకి, దొరకకపోతే పక్కకి.

కాంజీ నది నుంచి గబ్బాకు

షమార్ జోసెఫ్ కథను అందరూ అద్భుతంగా చెబుతారు. కాంజీ నది వెంట పడవలో చాలా దూరం వెళ్తే గానీ చేరలేని బరకారా అతని ఊరు. ఇంటర్నెట్ అక్కడికి 2018లో వచ్చింది. కలప నరికే పని చేశాడు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌కి వచ్చి సెక్యూరిటీ గార్డు అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్, 2024 జనవరి 17న అడిలైడ్‌లో తొలి టెస్టు. తొలి బంతికే స్టీవ్ స్మిత్ మూడో స్లిప్‌కి క్యాచ్ ఇచ్చాడు.

రెండో టెస్టు బ్రిస్బేన్ గబ్బాలో. ముందు రోజు మిచెల్ స్టార్క్ యార్కర్ కాలి బొటనవేలి మీద పడి షమార్ బ్యాటింగ్ వదిలి వెళ్లాడు. మర్నాడు ఆస్ట్రేలియా గెలవడానికి 216 కావాలి. 2 వికెట్లకు 113 దాకా వచ్చేసింది. అప్పుడు కామెరాన్ గ్రీన్‌కి వేసిన బంతి ఉన్నట్టుండి లేచి మోచేతికి తగిలి వికెట్ల మీద పడింది. తరవాతి బంతి దానికి పూర్తి తలకిందులు. ట్రావిస్ హెడ్ పాదాల దగ్గర పడిన యార్కర్, బౌల్డ్. ఒకటి ఛాతీ ఎత్తున, ఒకటి నేలకు అంటుకుని, వరసగా రెండు బంతులు. అందులో పిచ్ చేసిన సాయం కొంత ఉండొచ్చు గానీ, గాయపడ్డ కాలితో అంత నిండుగా యార్కర్ దించడం సాయంతో వచ్చేది కాదు. ఆపకుండా 11.5 ఓవర్లు వేసి 68 పరుగులకు 7 వికెట్లు తీశాడు. చివరి వికెట్ హేజిల్‌వుడ్, ఆఫ్ స్టంప్ ఎగిరిపోయింది. ఎదురు ఎండ్‌లో స్మిత్ 91తో నిలిచిపోయాడు. 8 పరుగుల గెలుపు. ఆస్ట్రేలియాలో వెస్టిండీస్ టెస్టు గెలిచి అప్పటికి 27 ఏళ్లు. సోలమన్ ఒక్క స్టంపును కొట్టింది ఈ గబ్బాలోనే. ఆయన 93 ఏళ్ల వయసులో, ఈ మ్యాచ్‌కి కొద్ది వారాల ముందు, 2023 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ జట్టులోనే తొలి టెస్టు ఆడుతూ అర్ధసెంచరీ చేసిన కెవిన్ సింక్లెయిర్ కూడా బెర్బీస్ కుర్రాడే.

షమార్‌ది వ్యవస్థ లేకుండా వచ్చిన విజయం అనేవాళ్లతో నేను ఏకీభవించను. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో టక్‌బర్ పార్క్ క్లబ్ అతన్ని ఆడనిచ్చింది. అప్పటికే వెస్టిండీస్‌కి ఆడుతున్న రొమారియో షెపర్డ్ గయానా కోచ్‌ల దగ్గరికి తీసుకెళ్లాడు. కర్ట్‌లీ ఆంబ్రోస్ ఒక శిబిరంలో చూసి మెచ్చుకున్నాడు. టీ20 జట్టు గయానా అమెజాన్ వారియర్స్ నెట్స్‌లో బౌలింగ్ చేయించుకుని, తరవాత జట్టులోకే తీసుకుంది. వెస్టిండీస్ ఎ జట్టుతో దక్షిణాఫ్రికా పంపారు. ఇన్ని చేతులు పడ్డాయి. తేడా ఒకటే. వాల్కాట్ రోజుల్లో ఈ చేతులన్నీ ఒక ఏర్పాటులో భాగం. ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా, ఒకరి మంచితనం వల్లో ఇంకొకరి చొరవ వల్లో కలిసొచ్చాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పిపోయినా షమార్ ఇంకా గేటు దగ్గర కాపలా కాస్తూ ఉండేవాడు.

అందుకే మొదట వేసుకున్న ప్రశ్నకు నా జవాబు రెండు ముక్కలు. కుర్రాడిలో ఆట పుట్టించడంలో, దాని సొంత రూపం చెడకుండా పెంచడంలో కరీబియన్ ఊళ్లు, క్లబ్బులు ఇప్పటికీ గొప్ప పనివాళ్లు. 1990లో మొదలైన రోజ్‌హాల్ టౌన్ యూత్ అండ్ స్పోర్ట్స్ క్లబ్ లాంటివి మగపిల్లలతోపాటు షెమెయిన్ క్యాంప్‌బెల్ వంటి ఆడపిల్లలను కూడా వెస్టిండీస్ జట్టుకు పంపాయి. ఇక ఆ ఆటను కడదాకా మోయడం పై వ్యవస్థ పని. దానికి ఓపిక చాలడం లేదు. కొత్త భవనం, కొత్త పేరు, కొత్త సలహాదారుతో అది కుదరదు. ఒక్కో ప్రాంతానికి పదేళ్లు తగ్గకుండా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలి. అతనికి మైదానాలు, పోటీలు, ఎంపిక గదిలో మాట మూడూ చేతిలో ఉండాలి. పందొమ్మిదేళ్లు నిండిన ప్రతి కుర్రాడికీ వచ్చే నాలుగేళ్లలో ఎన్ని మ్యాచ్‌లు, ఎవరి మీద, ఎక్కడ అన్నది ముందే రాసిపెట్టి ఉండాలి. ఇది ఖరీదైన కోరిక కాదు. ఒక విదేశీ నిపుణుడికిచ్చే మొత్తంలో ఇలాంటి మనుషులను కొందరిని పెట్టుకోవచ్చు. 1954లో చక్కెర కంపెనీలు తమ స్వార్థం కోసం చేసిన పనిని 70 ఏళ్ల తరవాత క్రికెట్ బోర్డు ఆట కోసం చేయగలగాలి.